కుడిచేతి ముప్పావు అంగుళం

గురువారం సాయంత్రాలను ఏం చేసుకోవాలో తెలియక నేను నాట్యం నేర్చుకోవడానికి వెళ్ళాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. గల్ఫ్‌లో, రుసైల్ పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక కర్మాగారంలో నాణ్యత పరిశీలన నా ఉద్యోగం. అరగంటకొకసారి ఒక పెట్టెను పక్కకు తీసి, గోడ మందం, అంచు పొడవు, మడత దగ్గర చీలిక కొలిచి, రాసి, సంతకం చేయాలి. ఆ అలవాటు ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలదు. ఇరవై రెండేళ్ళుగా రోజుకొక పేజీ చొప్పున డైరీ రాస్తున్నాను. అందులో అభిప్రాయాలు తక్కువ, అంకెలు ఎక్కువ.

మా అక్క బతికి ఉన్నంతకాలం గురువారం సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో నా తలుపు చప్పుడయ్యేది. ఆమె నాకంటే ఏడేళ్ళు పెద్ద. సీబ్‌లో ఒక ఇంట్లో పద్నాలుగేళ్ళు వంటా, ఇస్త్రీ, పిల్లల పనీ చూసింది. శుక్రవారం ఆమెకు సెలవు కాబట్టి ముందురోజు సాయంత్రమే నా దగ్గరికి వచ్చేసి, మర్నాడు పొద్దుగూకేవేళ తిరిగి డ్యూటీకి వెళ్ళేది. ఆమె పోయిన మొదటి ఏడాదిలో, ఎవరూ కొట్టకపోయినా తలుపు చప్పుడైనట్టు నాకు వినిపించిన గురువారాలు పదకొండు. వాటిని కూడా రాసుకున్నాను.

ఇంకొక మాట మొదటే చెప్పడం న్యాయం. అక్కకు రొమ్ములో పుట్టిన గడ్డ చంకలోకి పాకింది. రాజమండ్రిలో, ఆమె పోయిన పదకొండో రోజున, బట్టలన్నీ చాకలికి ఇచ్చేసిన తర్వాత, అక్క కూతురు నన్ను పెరట్లోకి పిలిచి అడిగింది: "అమ్మకి ముందే ఏమైనా తెలిసిందా పిన్నీ? నీకేమైనా చెప్పిందా?" నేను లేదన్నాను. సంవత్సరీకం నాడు ఫోన్లో మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ లేదన్నాను. రెండుసార్లూ అబద్ధమే చెప్పాను. డైరీలో ఆ రెండు రోజుల పేజీల్లోనూ ఆ సంభాషణ లేదు.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన జనవరిలో, సూపర్ మార్కెట్ గోడమీద అంటించిన ఒక కాగితం చూశాను. అమెరికాలో పశువుల కాపరుల పాటలకు జాజ్ సంగీతపు ఊపు కలిసి పుట్టిన నాట్యమట. ఫిడేలు ముందు నడుస్తుంది, జంటలు ఆరు లెక్కల అడుగులతో తిరుగుతాయి. ఒక పాఠశాల హాలులో గురువారం సాయంత్రం ఐదున్నరకు మొదలవుతుంది, ఎవరైనా రావచ్చు, జంట లేకపోయినా రావచ్చు అని రాసి ఉంది. నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది నాట్యం మీది ఇష్టం కాదు, ఆ కాగితంమీది వేళ.

నేర్పేది టెక్సాస్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక భార్యాభర్తల జంట. ఆయన అడుగులు నేర్పుతాడు. ఆవిడ బట్టల సంగతి చూస్తుంది. మొదటి వారం నేను చుడీదారులో వెళ్ళాను. రెండో పాటలోనే చున్నీ ఎవరిదో చొక్కా గుండీకి చిక్కుకుంది. రబ్బరు అడుగున్న బూట్లు చెక్క నేలను పట్టేసి, ఒళ్ళు తిరిగినా కాలు తిరగక, మోకాలు మెలిపడింది. సిల్కులా మెరిసే కుర్తా వీపుకు అతుక్కుపోయింది. ఆ రాత్రి డైరీలో లోపాలు మూడు అని రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా కారణం రాశాను.

రెండో వారం ఆవిడ నన్ను పక్కకు కూర్చోబెట్టి ఒక పాత పత్రికలోని బొమ్మ చూపించింది. ఎనభై ఏళ్ళనాటి గౌను. చిన్న కాలరు, నడుము వరకు గుండీలు, మోచేతికి కాస్త పైన ఆగిన చేతులు, పిక్కల సగానికి దిగే పావడా భాగం.

"ఇది అందం కోసం అనుకోకు" అంది. "ఆ రోజుల్లో ఆడవాళ్ళు పగలంతా పని చేసి, అదే గౌనుతో సాయంత్రం నాట్యానికి వచ్చేవాళ్ళు. చెయ్యెత్తితే నడుము పైకి లేవకూడదు. తిరిగితే కాళ్ళకు చుట్టుకోకూడదు. చెమట పీల్చాలి. ఈ మూడూ ఉంటే రంగు నీ ఇష్టం."

ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది. అది మా కర్మాగారంలో పెట్టెకు రాసే నిబంధనలా ఉంది. నేను లెక్క వేసుకున్నాను. పావడా పూర్తి గుండ్రంగా కత్తిరిస్తే తిరిగినప్పుడు గొడుగులా లేస్తుంది. నాలుగు ముక్కలతో కుడితే అడుగు వేయడానికి చోటు చాలదు. ఆరు ముక్కలు, ఒక్కొక్కటి అంచు దగ్గర పద్దెనిమిది అంగుళాలు, మొత్తం చుట్టు నూట ఎనిమిది. ముదురు నీలం మీద తెల్ల చుక్కల నూలుబట్ట నాలుగున్నర మీటర్లు కొన్నాను. పాత తోలు చెప్పులకు పట్టీ కుట్టించి, అడుగున కొత్త తోలు వేయించాను.

మిగిలింది టైలరు. మా కర్మాగారంలో లోడింగ్ చేసే కరీంనగర్ మనిషి, బర్కాలో తమవాడొకడున్నాడని చెప్పాడు. ఖర్జూరపు తోటల వైపు తిరిగే రోడ్డుమీద చిన్న దుకాణం. యాభై దాటిన మనిషి, చెవి వెనక సుద్దముక్క. ఇంట్లో అందరికంటే చిన్నదాన్నైన నన్ను అక్కా అని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

మా వైపు ఆడవాళ్ళం టైలరుకు ఒళ్ళు కొలవనివ్వం, ఆది ఇస్తాం. మనకు సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దాని ప్రకారం కొత్తది కుడతారు. నా పెట్టెలోంచి మెరూన్ రంగు జాకెట్టు తీసుకువెళ్ళి బొమ్మతోపాటు ఆయన ముందు పెట్టాను.

ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "గిది కుట్టాలంటె ఆది ఇప్పాలె అక్కా. ముక్కలు ముక్కలు జేసి కాయితం మీద గీస్కుంట. పాతదే గద, ఇప్పాల్నా?"

"విప్పండి. అలాంటిది ఇంకోటి ఉంది నా దగ్గర."

"గట్లయితె రంది లేదు. ఇంతకు గీ గౌను ఎవరికి, బిడ్డకా?"

"నాకే."

"మంచిది" అన్నాడు, నవ్వు మీసాల కింద దాచుకుంటూ. "మా ఇంటామెకు జెప్త, గౌను తొడిగే అక్కలు గూడ ఉంటరని."

రెండు వారాల తర్వాత శుక్రవారం సాయంత్రం వెళ్ళాను. దుకాణం వెనక తెర చాటున గౌను తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాను. కుట్టు చక్కగా వచ్చింది. కాలరు బొమ్మలో ఉన్నట్టే ఉంది. కానీ ఛాతీ దగ్గర, వీపు దగ్గర బట్ట నాకు దూరంగా నిలబడింది. తెర తీసి బయటికి వచ్చాను.

"ఇదేంటండీ, ఇందులో ఇంకో మనిషి పడుతుంది."

"రెండు దావత్‌లు తింటె నిండుతది తియ్ అక్కా."

"హాస్యం కాదు మాస్టరు గారూ. మీరు కొలత తప్పారు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. బల్ల కింద నుంచి చుట్టిన కాగితం తీసి పరిచాడు. జాకెట్టు ముక్కల ఆకారాలు పెన్సిలుతో గీసి ఉన్నాయి, పక్కన అంకెలు. "ముప్పై ఏండ్లాయె కత్తెర వట్టి. ఆదికి పోగంత ఫరక్ రాదు నా చేతుల. ఇగో సూడు. ఛాతి ముప్పై ఎనిమిదిన్నర. ఎడమచెయ్యి పన్నెండు ముప్పావు. కుడిది పదమూడున్నర. రెండు చేతులు ఒక్కతీరుగ లేవని నేనే పరేషానయిన. ఫోన్ జేద్దమనుకున్న. మల్ల, అక్కకు గా చెయ్యి లావుంటదేమో, ఆడోళ్ళను గది అడుగుడు మంచిగుండదని ఊకున్న."

నా ఛాతీ కొలత ముప్పై ఆరు. నా రెండు చేతులూ పన్నెండే. పదమూడున్నర అనే అంకె మాత్రం నాకు తెలుసు. నా చేత్తో రాసిన అంకె అది.

అక్క ఎప్పుడు జాకెట్టు గుడ్డ కొన్నా ఒకే తానులోంచి రెండు ముక్కలు తీసుకునేది, ఒకటి తనకు, ఒకటి నాకు. ఆ మెరూన్ జాకెట్లు రెండూ అలా వచ్చినవే. ఇంటికి విమానం ఎక్కే ముందు చివరి గురువారం ఉతకడానికి నా దగ్గర వదిలి వెళ్ళిన తన జాకెట్టు, నా పెట్టెలో నా జాకెట్టు మీద ఉండిపోయింది. అరగంటకొక పెట్టెను కొలిచే నేను, ఆ రోజు పైనున్నది తీసి సంచిలో వేసుకున్నాను. కొలవలేదు.

"ఆ ముక్కలేవండీ?" అని అడిగాను.

ఆయన కుట్టుమిషను వైపు చూశాడు. మిషను కాలికి మెరూన్ గుడ్డపేలిక ఒకటి ముడివేసి ఉంది, నూనె మరకలతో. "ఇంకోటున్నదన్నవు గద అక్కా. కడమయి చెత్తల వోయినయి. కావాల్నంటె గిది ఉతికిస్త."

"వద్దు లెండి."

"గౌను టైట్ జేస్తనా? పక్కలు, చేతులు కుట్టేసి లోపట మిగిలింది కోసేస్త. పది నిముషాల పని, హాయిగుంటది."

కోసేస్తే నాకు సరిపోతుంది. కోసేస్తే అక్క ఒంటి కొలతకు నిలిచే బట్ట నా దగ్గర ఇక ఒక్కటీ ఉండదు. ఇది ఆ మనిషికి చెప్పవలసిన అవసరం లేదనుకున్నాను. "ఇలాగే ఇవ్వండి" అన్నాను.

"గింత లూజు తోని ఎట్ల ఆడుతవక్కా?" అంటూనే పొట్లం కట్టాడు.

గౌనును నా గదిలో బీరువా తలుపుకు తగిలించాను. ఏసీ గాలి నేరుగా దానిమీదికి వస్తుంది. గాలి ఆడినంతసేపు వీపు నిండి, ఛాతీ నిండి, గౌను నిలబడేది. ఏసీ ఆగినప్పుడు మెల్లగా వాలిపోయేది, కుడిచేయి అన్నిటికంటే చివరన. ఆ వారంలో రెండుసార్లు దాన్ని బీరువా లోపల పెట్టాను, రెండుసార్లూ మళ్ళీ బయటికి తీశాను. ఒకసారి తొడుక్కుని, అద్దానికి వీపు తిప్పి, చేతి అద్దంలో చూసుకున్నాను. పొయ్యి ముందు నిలబడ్డ అక్క వీపు కనిపించింది. అద్దం దించేశాను. కుడిచేతి అంచును రెండు వేళ్ళతో కిందికి లాక్కుంటున్నానని అప్పుడు గమనించాను. ఆ అలవాటు నాది కాదు.

సోమవారం సాయంత్రం, అక్క పోవడానికి ముందటేడాది డైరీ తీశాను. సెప్టెంబరు నెల, గురువారం. పేజీ ఇలా ఉంది: "అక్క వచ్చింది 5.40. జాకెట్టు కుడిచేయి బిగువైందంది. కుట్టు విప్పి ముప్పావు అంగుళం వదిలాను. ఇప్పుడు 13½. బెండకాయ వేపుడు. తొమ్మిదికే నిద్రపోయింది."

పేజీలో లేనిది నాకు గుర్తుంది. అక్క మంచం అంచున కూర్చుని చేయి చాపింది.

"ఏంటోనే, ఈ చెయ్యి పట్టేత్తంది. ఉతికితే ముడుచుకుపోయిందేమో."

"రెండు చేతులూ కలిపే ఉతికావు కదా. ఒక్కటే ముడుచుకుంటుందా?"

"ఇస్త్రీ చేసీ చేసీ బలిసిందిలే. నీ ఇన్‌స్పెక్షన్ ఆపి కుట్టు ఇప్పవే తల్లీ."

ఇద్దరం నవ్వుకున్నాం. సరైన ప్రశ్న నా నోటినుంచే వచ్చింది. దానికి జవాబు రాకముందే కత్తెర అందుకున్నాను. ఆ గురువారానికీ ఆమె మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజుకూ మధ్య పద్నాలుగు గురువారాలు ఉన్నాయి. చంకలో గడ్డ ఉన్నప్పుడు ఆ వైపు చేయి వాయవచ్చునని డాక్టరు తర్వాత చెప్పినప్పుడు నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. పద్నాలుగు వారాలు ముందు వెళ్ళి ఉంటే ఏమయ్యేదని నేను ఆయన్ను అడగలేదు.

ఆ వారం హాలులో అందరూ పాతకాలపు దుస్తుల్లో రావాలని నియమం. మగవాళ్ళు ముత్యపు గుండీల చొక్కాలు వేసుకున్నారు. నేను గౌను తొడుక్కుని, నడుముకు వెడల్పాటి బెల్టు బిగించుకుని వెళ్ళాను. ఆ గౌనును బీరువాకు వేలాడదీసి నేను చుడీదారులో వెళ్ళడం ఎందుకో నాకు సాధ్యం కాలేదు.

ఆరు ముక్కల లెక్క సరిగ్గానే వచ్చిందని మొదటి పాటలోనే తేలింది. పావడా లేచింది, కాళ్ళకు చుట్టుకోలేదు. తోలు అడుగు చెక్కమీద నెమ్మదిగా జారింది, మోకాలు నొప్పి పెట్టలేదు. గౌను పైభాగమే నా మాట వినలేదు. నా జోడీ అయిన పెద్దాయన వీపుమీద చేయి వేసినప్పుడు ముందుగా బట్ట దొరికేది, ఆ తర్వాత కొంత ఖాళీ, ఆ తర్వాత నేను. తిరిగి ఆగినప్పుడు నేను ముందు ఆగేదాన్ని, గౌను ఇంకొంచెం తిరిగి, వెనక్కి వచ్చి నన్ను చేరేది. కుడిచేయి పైకెత్తి ఆయన వేళ్ళ కింద తిరిగే అడుగులో, చేతి గుడ్డ సులువుగా భుజం దాకా జారిపోయేది. ఒంటిమీద నిజంగా హాయిగా ఉన్న చోటు అదొక్కటే.

పాటల మధ్య విరామంలో నేర్పే ఆవిడ నా దగ్గరికి వచ్చింది. పావడా చూసి మెచ్చుకుంది. తర్వాత ఆమె చూపు నా చేతుల మీద ఆగింది. ఎడమచేతి అంచు పట్టుకుంది, కుడిచేతి అంచు పట్టుకుంది. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, రైలు టిక్కెట్ల కౌంటర్లో పని చేశానని ఒకసారి చెప్పింది.

"ఈ చేతికి ఎక్కువ వదిలించావే" అంది. "చెయ్యి వాచిందా? ఎవరికైనా చూపించుకున్నావా?"

అంతే. అది అడగడానికి ఆమెకు రెండు క్షణాలు పట్టింది.

"లేదు" అన్నాను. "టైలరు తప్పు కుట్టాడు."

"అయ్యో. వేరే టైలర్ని చూసుకో" అని ఆమె నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. తేదీ వేశాను. టైలరు తప్పు అని రాయలేకపోయాను. పోగంత ఫరక్ రాని మనిషి మీద నా తప్పు పెట్టి వచ్చాను. అసలు సంగతీ రాయలేకపోయాను. ఇరవై రెండేళ్ళలో తేదీ మాత్రమే ఉన్న పేజీ అదొక్కటి.

శుక్రవారం ఉదయం పది గంటలకు, అంటే రాజమండ్రిలో పదకొండున్నరకు, అక్క కూతురికి ఫోన్ చేశాను. వెనక కుక్కర్ కూత వినిపించింది.

"ఏంటి పిన్నీ, ఈ టైములో? డ్యూటీ లేదా?"

"శుక్రవారం కదా. అమ్మలూ, నువ్వు నన్ను రెండుసార్లు ఒకటి అడిగావు. అమ్మకి ముందే తెలిసిందా అని."

స్టవ్ ఆపిన చప్పుడు వచ్చింది.

"నేను లేదన్నాను. అది అబద్ధం. సెప్టెంబరులో చెయ్యి బిగువైందని నాతో చెప్పింది. కుడిచెయ్యి ఒక్కటే. ముప్పావు అంగుళం వాచింది. నేను కొలిచాను, రాసుకున్నాను, కుట్టు విప్పి ఇచ్చాను. ఎందుకు వాచిందని అడగలేదు."

నేను తిట్టు కోసం సిద్ధపడి ఉన్నాను. ఆమె ఏడిస్తే ఏమనాలో కూడా అనుకుని ఉన్నాను.

"సెప్టెంబరులోనా?" అంది. "నాకు ఆగస్టులో చెప్పింది పిన్నీ."

"ఏం చెప్పింది?"

"అదే. వీడియో కాల్‌లో చెయ్యి ఎత్తి చూపించింది. జాకెట్టు పట్టేత్తందే అంది. నేను నవ్వాను. షేకుల ఇంట్లో బిర్యానీ తిని ఒళ్ళు చేశావులే అమ్మా అన్నాను. ఒక చెయ్యే ఎలా లావవుద్దే అంది. అయితే డైటింగ్ కూడా ఆ చెయ్యితోనే చెయ్యి అన్నాను." గరిటె కింద పెట్టిన చప్పుడైంది. "నీకు కూడా చెప్పిందేమో, నీకు చెప్తే నువ్వేం అన్నావో అని అడిగాను పిన్నీ. నువ్వు లేదన్నావు. అంటే నాకొక్కదానికే చెప్పిందనుకున్నాను."

నేను లేదన్న మొదటి రోజునుంచి అప్పటికి ఇరవై ఒక్క నెలలు. అన్ని నెలలూ ఆమె అలా అనుకుంటూ గడిపింది. ఒక్క మాటతో దాన్ని సగం చేయగలిగినదాన్ని నేనే.

"నాకూ చెప్పింది" అన్నాను. "నేనూ నవ్వాను."

గౌను సంగతంతా అప్పుడు చెప్పాను. ఆది మారడం, టైలరు, హాలులో ఆవిడ అడిగిన మాట. ఆమె గౌను చూపించమంది. ఫోన్ తిప్పి బీరువా వైపు పెట్టాను. ఏసీ ఆడుతోంది.

"అమ్మ చెయ్యే" అంది.

"కోసేస్తే నాకు సరిపోతుందట."

"నీ ఇష్టం పిన్నీ." అంతలోనే, "ఇవాళే కొయ్యించకు" అంది.

"ఇవాళ కాదు."

నేను ఫోన్ పక్కకు తిప్పలేదు, ఆమె పెట్టేయలేదు. గౌను గాలికి నిండుతూ వాలుతూ ఉంది. మొత్తం కాల్ యాభై రెండు నిమిషాలు. చివరి పంతొమ్మిది నిమిషాలు ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.